హనుమాన్‌కైండ్ పాటలో చెండ: అలంకారమా, వెన్నెముకా?

తాళపత్రం

ర్యాపర్ హనుమాన్‌కైండ్ గురించి ఇక్కడ అప్పుడప్పుడు ఒకటి రెండు వ్యాఖ్యలు వచ్చాయి గానీ తీరిగ్గా మాట్లాడుకున్నది లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం కొంచెం నేపథ్యం. అసలు పేరు సూరజ్ చెరుకాట్. పుట్టింది కేరళలోని మలప్పురంలో, పెరిగింది ఎక్కువగా అమెరికాలోని హ్యూస్టన్‌లో. తిరిగి వచ్చి కోయంబత్తూరులో చదివాడు, ఉద్యోగం చేశాడు, బెంగళూరు వేదికల మీద ర్యాప్ పాడుతూ పేరు తెచ్చుకున్నాడు. 2024 జూలైలో వచ్చిన 'బిగ్ డాగ్స్' అతన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఎగ్జిబిషన్లలో చెక్క బావి గోడల మీద బైకులూ కార్లూ తిరిగే 'మౌత్ కా కువా'లో ఆ వీడియో తీశారు. ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 23వ స్థానం దాకా వెళ్లింది. దానికి సంగీతం కట్టిన కల్మి మన హైదరాబాద్ వాడని చాలామంది తెలుగువాళ్లకు ఇప్పటికీ తెలియదు.

నా చర్చ మాత్రం 2025 మార్చిలో వచ్చిన 'రన్ ఇట్ అప్' మీద. దానికీ కల్మిదే సంగీతం, వీడియో దర్శకుడు బిజోయ్ శెట్టి. పాట కేరళ గుళ్లలో కర్రలతో వాయించే చెండతో మొదలవుతుంది, చెండతోనే నడుస్తుంది. వీడియోలో కేరళ కలరిపయట్టు, పంజాబు గత్కా, మహారాష్ట్ర మర్దానీ ఖేల్, మణిపూర్ థాంగ్-తా అనే యుద్ధవిద్యలు, వీటికి తోడు కేరళ ఆచార నృత్యాలు తెయ్యం, గరుడన్ పరవ కనిపిస్తాయి. ఆ తర్వాతి నెలలో అమెరికాలోని కోచెల్లా సంగీతోత్సవ వేదిక మీదికి అతను చెండ బృందాన్నే వెంటబెట్టుకుని వెళ్లాడు.

మన సినిమా పాటల్లో జానపద వాద్యం ఎలా వస్తుందో మీకందరికీ తెలుసు. మొదట నాలుగు దెబ్బలు, చరణాల మధ్య నాలుగు దెబ్బలు, మిగతాదంతా కీబోర్డు. ఇక్కడ అలా కాదు. చెండను తీసేస్తే పాట నిలబడదు. ర్యాపర్ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట మీద ఒత్తు పడాలో చెండే నిర్ణయిస్తోంది. నేను విన్నంతలో మన దేశపు హిప్-హాప్‌లో సంప్రదాయ వాద్యానికి ఇంత అధికారం ఇచ్చిన పాటలు తక్కువ. మీరేమంటారు?

నాగావళి

తాళపత్రం గారూ, పాట బాగుంది, కాదనను. కానీ మీరు అంటున్నంత లోతు నాకు కనిపించలేదు.

మొదటిది, మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కేరళలో మలయాళంలోనే ర్యాప్ చేసేవారు చాలా కాలంగా ఉన్నారు. స్ట్రీట్ అకడెమిక్స్ బృందం 2009 నుంచే పాడుతోంది, ఫెజో ఉన్నాడు, తిరుమాలి ఉన్నాడు. వాళ్లకు అందని వెలుగు ఇతనికి అందడానికి భాష కూడా ఒక కారణం కాదా? రెండోది, ఒకే వీడియోలో నాలుగు రాష్ట్రాల యుద్ధవిద్యలు. అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి తప్ప ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. గణతంత్ర దినోత్సవ శకటాలు వరుసగా వెళుతున్నట్టు అనిపించింది. ఆ మార్చి నెలాఖరులోనే ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ పాటను మెచ్చుకున్నారు. పాలకులకు అంత సులువుగా నచ్చే హిప్-హాప్‌ను కొంచెం అనుమానంగా చూడటం నాకు అలవాటు.

సంప్రదాయం అంటే వాద్యం ఒక్కటే కాదు. ఆ వాద్యం ఎవరి కోసం, ఏ సందర్భంలో మోగుతుందో అదీ సంప్రదాయమే.

మలబారు కోడలు

నేను పెళ్లయి కణ్ణూరు జిల్లాకు వచ్చిన తెలుగు అమ్మాయిని. చెండ మా వీధిలో సంవత్సరంలో సగం రోజులు మోగుతూనే ఉంటుంది, కాబట్టి ఈ విషయంలో నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

వీడియోలో అగ్గిలో నుంచి వచ్చే తెయ్యం పేరు కండనార్ కేళన్. కేళన్ అనే మనిషి అడవిని నరికి, సాగు కోసం నిప్పు పెట్టి, ఆ మంటల్లోనే చిక్కుకుని, తప్పించుకోవడానికి ఉసిరి చెట్టెక్కి, అక్కడ పాముల కాటుకు గురై చనిపోతాడు. వయనాట్టు కులవన్ అనే దేవుడు ఆ బూడిదలోంచి అతన్ని లేపి దైవాన్ని చేస్తాడు. అందుకే ఆ తెయ్యం కట్టే కళాకారుడు మంటల మధ్య నుంచి మళ్లీ మళ్లీ దాటుతాడు. చూసే వాళ్లకు వెన్ను జలదరిస్తుంది. నాగావళి గారు అన్న శకటం ఇందులో నాకు కనిపించలేదు. అడుగున పడి కాలిపోయినవాడు లేచి నిలబడే కథను ఒక ర్యాపర్ ఎంచుకున్నాడంటే అది ఆలోచించి చేసిన పనిగానే నేను చూస్తాను.

ఇంకో సంగతి. తెయ్యం కట్టేది వణ్ణాన్, మలయన్ లాంటి కులాలవారు. ఏడాదంతా వాళ్లను దూరం పెట్టిన పెద్ద కులాలవారే ఆ రాత్రి చేతులు కట్టుకుని ఆ దైవం ముందు నిలబడాలి. పొట్టన్ తెయ్యం అయితే తోట్టం అనే తన ఆచార పాటలోనే కులాన్ని నిలదీస్తుంది. మీ ఒంట్లో ఉన్నదీ మా ఒంట్లో ఉన్నదీ ఒకే నెత్తురు కాదా అని అడుగుతుంది. హిప్-హాప్ చేసే పనిని ఈ నేల ఎప్పుడో చేసింది. ఆ బంధుత్వాన్ని గుర్తుపట్టినవాడికే ఈ కలయిక కుదురుతుంది.

అయితే ఒక అభ్యంతరం నాకూ ఉంది. తెయ్యం ఉత్తర మలబారుది, గరుడన్ పరవ మధ్య కేరళ కాళీ ఆలయాలది. రెంటికీ వేరువేరు ఊళ్లు, వేరువేరు నియమాలు. తెయ్యం మలయాళ నెలల లెక్కలో తులామాసం పదో తేదీకి మొదలై ఇడవమాసంతో ముగుస్తుంది. ఆ కాలం దాటితే మా అత్తగారి ఊళ్లో పెద్దలు దాని గురించి మాట్లాడేటప్పుడు కూడా స్వరం తగ్గిస్తారు. కెమెరా ముందు దాన్ని కొన్ని సెకన్లు చూపిస్తే వాళ్లకు మనసు కష్టమవుతుంది. ఆ బాధను తీసిపారేయకూడదు.

సౌండ్‌బాక్స్

హైదరాబాద్‌లో రికార్డింగ్ పని చేస్తాను. నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

ఈ పాటలో చెండ ఎందుకు అంత బాగా కూర్చుందో ఆలోచించారా? హిప్-హాప్‌కు అడుగున ఉండేది 808 బాస్ అనే లోతైన మోత. 1980లో రోలాండ్ సంస్థ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రం పేరే దానికి స్థిరపడిపోయింది. అది 40 నుంచి 60 హెర్ట్జ్ దగ్గర మూలుగుతూ ఉంటుంది. చెండ స్వరం చాలా పైన ఉంటుంది. పనసకర్ర గుల్లకు బిగించిన తోలు, దాని మీద కర్రలతో పడే దెబ్బ, గట్టిగా, పొడిగా, తెగిపడినట్టు ఉంటుంది. రెండూ ఒకదాని చోటు ఇంకొకటి ఆక్రమించవు. మధ్యలో గొంతుకు ఖాళీ దొరుకుతుంది. మృదంగమో డోలో అయితే బాస్‌తో తగువు పడేది.

అసలు కష్టం లయ దగ్గర ఉంది. చెండ బృందాలు గుళ్లలో వాయించే పంచారి మేళం తీసుకోండి. ఐదు కాలాలు. మొదటి కాలంలో ఒక ఆవర్తం 96 అక్షరాలు, తర్వాత 48, 24, 12, చివరికి 6. నెమ్మదిగా మొదలై, రెండు మూడు గంటల పాటు పెరుగుతూ పెరుగుతూ చివరికి ఉప్పెనలా ముగుస్తుంది. మేళం అంటే ఆ ప్రయాణమే. హిప్-హాప్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంలో ఉంటుంది. ఒక ముక్క కోసి, దాన్నే తిప్పి తిప్పి వాడుతుంది. కాబట్టి చెండను హిప్-హాప్‌లోకి తెచ్చినప్పుడు దెబ్బ మిగులుతుంది, ప్రయాణం పోతుంది. కల్మి దీన్ని కొంతవరకు దాటాడు. పాట సాగేకొద్దీ దొంతరలు పెంచుతూ, వేగం పెరగకపోయినా పెరిగినట్టు అనిపించేలా చేశాడు. వృత్తిలో ఉన్నవాడిగా నాకు ఈ పాటలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తాళపత్రం

సౌండ్‌బాక్స్ గారూ, కోసి తిప్పడం గురించి ఒక మాట. హిప్-హాప్ పుట్టుకే అది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో కూల్ హెర్క్ ఆడించిన పార్టీని దాని పుట్టినరోజుగా జరుపుకుంటారు. అతను చేసింది ఏమిటి? ఫంక్ రికార్డుల్లో గాత్రం ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోటును పట్టుకుని, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, ఆ చోటునే పొడిగించాడు. ఆ ఫంక్ పాటలకూ ఒక ప్రయాణం ఉండేది. అతను దాన్ని తెంచి కొత్త ప్రయాణం మొదలుపెట్టాడు. పైగా హెర్క్ జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టినవాడు. వీధిలో పెద్ద స్పీకర్లు పెట్టి, సంగీతం మీద మాట్లాడే అక్కడి పద్ధతిని కొత్త ఊరికి మోసుకొచ్చాడు. అంటే వలస వచ్చినవాడు తన ఊరి పద్ధతిని కొత్త ఊరి యంత్రంతో కలపడమే హిప్-హాప్ మొదటి అడుగు. హ్యూస్టన్‌లో పెరిగిన మలయాళీ కుర్రవాడు చెండను తేవడం అందుకు పరాయి పని కాదు.

భాష గురించి నాగావళి గారికి: అతను పెరిగిన భాష అది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల యాస అతని నోట సహజంగా పలుకుతుంది. డీజే స్క్రూ పాటల వేగం తగ్గించి టేపులు చేసిన ఊరు హ్యూస్టన్, ఆ బరువు ఇతని ఉచ్చారణలో ఉంది. పాటకు అలవాటు లేని మలయాళంలో పాడి ఉంటే అది అసలైన నటన అయ్యేది.

ఎర్రమన్ను

ఇంతసేపు వాద్యం గురించి మాట్లాడారు. వాయించిన మనుషుల గురించి ఎవరూ అడగలేదు.

ప్రకాశం జిల్లా మాది. మా తాత డప్పు కొట్టారు, మా నాన్న డప్పు కొట్టారు. చావుకు పిలుస్తారు, జాతరకు పిలుస్తారు, చాటింపుకు పిలుస్తారు. వాయిస్తున్నంతసేపూ అందరూ చిందులు వేస్తారు, ఆగిన తర్వాత మంచినీళ్లు వేరే గ్లాసులో. ఇప్పుడు డప్పు సినిమాలకు కావాలి, ర్యాప్‌కు కావాలి, రాజకీయ సభలకు కావాలి. డప్పు కొట్టే మనిషి మాత్రం అక్కర్లేదు.

ఇది ఒక్క డప్పుకే పరిమితం కాదు. తమిళ ర్యాపర్ అరివు సంగతి చూడండి. 2017లో సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి మొదలుపెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంలో చెన్నై వీధి పాట గానా, తమిళ డప్పు పరై, ర్యాప్ కలిపి పాడినవాడు. 2021లో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన అతని నాయనమ్మ, అమ్మమ్మల తరం జ్ఞాపకం అది. ఒప్పారి ఏడ్పు పాట అందులో ఉంది. ఆ మాటలు రాసి పాడినవాడు అతను. అదే ఏడాది ఒక పేరున్న సంగీత పత్రిక ఆ పాట పేరు చెబుతూ ముఖచిత్రం వేసింది, అందులో అతని బొమ్మ లేదు. పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాక అతనికి విడిగా ఒక ముఖచిత్రం ఇచ్చారు. 2022లో మామల్లపురం చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో ఆ పాట పాడారు, అతను అక్కడ లేడు. సొంత ఇంటి కథ చెప్పుకున్నవాడికే ఈ గతి పడితే, వెనక నిలబడి వాయించేవాడి సంగతి ఆలోచించండి.

మన దగ్గర దర్శనం మొగిలయ్య గారిని మరిచిపోయారా? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆ గొంతును సినిమా పాట ఇంటింటికీ చేర్చింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళుతున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి.

కాబట్టి నా ప్రశ్న ఒక్కటే. ఆ చెండ వాయించినవాళ్ల పేర్లు పాట వివరాల్లో ఉన్నాయా? పాట డబ్బులు సంపాదించిన ప్రతిసారీ వాళ్లకు వాటా వెళుతుందా, లేక ఒక రోజు కూలీతో సరిపెడతారా? దీనికి జవాబు దొరికాక వెన్నెముక గురించి మాట్లాడుకుందాం.

మలబారు కోడలు

ఎర్రమన్ను గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ప్రశ్న సరైనది.

ఇక్కడి నుంచి ఒక తేడా చెప్పగలను, అది సమాధానం కాదు. కేరళలో చెండకు గుడి గౌరవం ఉంది. పద్దెనిమిది వాద్యాలూ చెండ కిందే అని సామెత. త్రిశ్శూర్ పూరం ఉత్సవంలో ఇలంజిత్తర మేళానికి వందల మంది కళాకారులు నిలబడతారు, వాళ్లకు నాయకత్వం వహించే ప్రమాణికి పత్రికల్లో పేరు, అభిమానులు, సన్మానాలు ఉంటాయి. గుడి మేళంలో వాయించే హక్కు చాలాకాలం కొన్ని కులాల చేతుల్లోనే ఉండిపోయిందన్నదీ నిజమే. అదే చెండను తెయ్యానికి వాయించే మలయన్ కళాకారుడికి ఆ పేరు రాదు. ఒకే వాద్యం, రెండు జీవితాలు. ర్యాప్ పాటలో చెండ వినిపించినప్పుడు ఇందులో ఏ జీవితం వినిపిస్తోందో అడగాలి.

పదకవిత

నేను తెలుగు పాఠం చెప్పేవాడిని. ర్యాప్ నా పిల్లల ద్వారా నా ఇంట్లోకి వచ్చింది, ఇప్పుడు నేనే ఎక్కువ వింటున్నాను.

మన ర్యాప్ ఎందుకు ఇంకా సొంత నడక పట్టుకోలేదన్న దానికి నాకొక సమాధానం తోస్తోంది. తెలుగు అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషులో మాట హల్లుతో తెగి, డ్రమ్ దెబ్బ మీద గోడలా ఆగుతుంది. మన పిల్లలు ఆ తెగడాన్ని అనుకరిస్తూ మాట చివరలు మింగేస్తున్నారు. అప్పుడు అది తెలుగులా వినిపించదు, ఇంగ్లీషులా కూడా వినిపించదు.

మన పాత కథకులు దీన్ని ఎప్పుడో పరిష్కరించారు. ఒగ్గు కథ వినండి. మల్లన్న కథో ఎల్లమ్మ కథో చెప్పేటప్పుడు కథకుడు వచనాన్ని ఒక్క ఊపిరిలో పరుగెత్తించి, చివరి అచ్చును సాగదీసి వదులుతాడు. ఆ సాగదీతలోకి డోలు, తాళాలు వచ్చి పడతాయి. బుర్రకథలో అయితే ముగ్గురు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం. వంతలు అందుకునేవాళ్లు కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు, మధ్యలో ఆపి ప్రశ్నిస్తారు, నేటి ప్రభుత్వం మీద ఒక విసురు విసురుతారు. ర్యాపర్ పక్కన నిలబడి పంక్తి చివర అందుకునేవాడి పని ఇదే కదా? 1940లలో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని పట్టుకుని జమీందార్లను, నిజాంను ఎదిరించింది. షేక్ నాజర్ గారు దాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో చెప్పనవసరం లేదు. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది.

ఇంకొకటి, ఛందస్సు మీద నాకున్న ప్రేమకొద్దీ చెబుతున్నాను. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొత్తం నాలుగు. యతి మూడో గణం మొదటి అక్షరం మీద పడుతుంది. ఇప్పటి ర్యాప్‌లో ట్రాప్ అనే బాణీలో నాలుగు దెబ్బల వరుసలో మూడో దెబ్బ మీదే కదా స్నేర్ డ్రమ్ గట్టిగా పడేది! గణానికి ఒక దెబ్బ చొప్పున వేసుకుని ద్విపద చదివితే యతి సరిగ్గా స్నేర్ మీద పడుతుంది. ప్రాస రెండో అక్షరం మీద ఉంటుంది కాబట్టి పంక్తి ఆరంభంలోనే ఒక తాకిడి ఉంటుంది. ఇంగ్లీషు ర్యాప్ తూగంతా పంక్తి చివర ఉంటే, మన తూగు మొదట్లో, నడుమ ఉంది. పాల్కురికి సోమన వాడిన ఛందస్సు ఇది, పండితుల కోసం కాదు, జనం గొంతెత్తి పాడుకోవడం కోసం ఎంచుకున్నది. ఎవరైనా తెలుగు ర్యాపర్ దీన్ని పట్టుకుంటే ఏమవుతుందో వినాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

సౌండ్‌బాక్స్

పదకవిత గారూ, మీ మాట చదివి వెంటనే నాలుగు పాదాలు బాణీ మీద పెట్టి చూశాను. మూడో దెబ్బ నిజంగానే కుదురుతోంది. చివర సూర్యగణం చిన్నది కాబట్టి కొంచెం ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీ ఊపిరికి సరిపోతుంది.

యారా తీరం

మెల్‌బోర్న్ నుంచి. భాష, వాద్యం రెండూ కలిసి వచ్చిన ఉదాహరణ ఒకటి మా దగ్గర ఉంది. బేకర్ బాయ్. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ లాండ్‌కు చెందిన యోల్ఙు ఆదివాసీ ర్యాపర్. యోల్ఙు మాత అనే తన భాషలో, ఇంగ్లీషులో కలిపి పాడతాడు, పాట నడుమ తానే యిడాకీ ఊదుతాడు. దాన్నే బయటివాళ్లు డిడ్జెరిడూ అంటారు. 2019లో అతన్ని ఆ ఏటి యువ ఆస్ట్రేలియన్‌గా ఎంపిక చేశారు. 'గెలా' అనే అతని ఆల్బమ్‌కు 2022లో ఆస్ట్రేలియా సంగీత పురస్కారాలైన ఆరియాలో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ గౌరవం దక్కింది. కొద్ది వేల మంది మాత్రమే మాట్లాడే భాష అది. మా అబ్బాయి బడిలో పిల్లలు అర్థం తెలియకుండానే ఆ పంక్తులు పాడుకుంటారు.

ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాష మనది. మనకు శ్రోతలు దొరకరన్న భయం దేనికి?

ఎర్రమన్ను గారు అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడ ఒక దారి కనిపిస్తుంది. వాయించేవాడూ పాడేవాడూ ఒక్కడే అయినప్పుడు వాటా గురించి తగువే ఉండదు.

నాగావళి

యారా తీరం గారి చివరి మాట నాకు మా ఊరిని గుర్తుచేసింది. శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్లు ఉన్నాయి. గుండ్రటి రేకు తప్పెటను గుండెకు కట్టుకుంటారు, కాళ్లకు గజ్జెలు, రెండు చేతులతో తప్పెట వాయిస్తూ, గెంతుతూ, పాడతారు. యాదవులు గంగమ్మ కొలుపుల్లో ఆడతారు. వాద్యం, గొంతు, నృత్యం మూడూ ఒకే శరీరంలో ఉంటాయి. వేదిక మీద మైకు పట్టుకుని అటూ ఇటూ తిరిగే ర్యాపర్ కంటే ఎంతో ఎక్కువ శక్తి కావాలి దానికి. జముకుల కథ ఇంకోటి. జముకు తంత్రిని లాగి వదిలితే వచ్చే ధ్వని పైకీ కిందికీ జారుతూ, మనిషి మూలిగినట్టు ఉంటుంది. సౌండ్‌బాక్స్ గారు చెప్పిన 808 బాస్ జారుడుకు అది సొంత అక్కలాంటిది, విన్నవాళ్లకు తెలుస్తుంది.

హనుమాన్‌కైండ్ మీద నా అభిప్రాయం పెద్దగా మారలేదు. కండనార్ కేళన్ కథ చదివాక ఆ ఒక్క దృశ్యాన్ని మాత్రం వేరుగా చూస్తున్నాను, మలబారు కోడలు గారికి కృతజ్ఞతలు. మిగతా యుద్ధవిద్యల వరుస ఇప్పటికీ నాకు ప్రదర్శనగానే ఉంది. ఒక్క కలరి మీదే పాటంతా నిలబడి ఉంటే ఇంకా బలంగా ఉండేది.

తాళపత్రం

అది ఒప్పుకోదగ్గ మాటే. 2025 జూలైలో వచ్చిన 'మాన్సూన్ సీజన్' మిక్స్‌టేప్ విన్నాక నాకూ అలాంటిదే ఒకటి అనిపించింది. అందులో అమెరికా ర్యాపర్లు ఏసాప్ రాకీ, డెంజెల్ కర్రీ, మాక్సో క్రీమ్ ఉన్నారు. వాళ్లతో పాడిన చోట అతను వాళ్ల మైదానంలో ఆడాడు, బాగానే ఆడాడు. 'రన్ ఇట్ అప్'లో మాత్రం మైదానం అతనిది. నాకు కావలసింది ఆ రెండోది.

హైదరాబాద్ విషయంలో ఇంకొకటి చేర్చాలి. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీల వారసులు ఏసీ గార్డ్స్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లూ, బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ అరబ్బులూ కలిసి నిలబెట్టినది మార్ఫా అనే దరువు సంగీతం. మన పెళ్లి ఊరేగింపుల్లో అందరూ ఆడే తీన్‌మార్ ఆ దరువుల్లోంచే వచ్చిందని పాతబస్తీ వాళ్లు చెబుతారు. ఆఫ్రికా మూలాలున్న సంగీతం బ్రాంక్స్‌లో హిప్-హాప్ అయింది, మాసాబ్‌ట్యాంక్ పక్కన మార్ఫా అయింది. ఈ ఇద్దరు దాయాదులను ఒక పాటలో కూర్చోబెట్టే పని హైదరాబాద్ వాళ్లు తప్ప ఇంకెవరు చేస్తారు?

కొత్తగొంతు

అందరికీ నమస్కారం. వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ర్యాప్ రాస్తాను, ల్యాప్‌టాప్‌లో బాణీలు కడతాను. తెలుగు ర్యాపర్లు నోయెల్ అన్న, రోల్ రైడా అన్న పాటలు వింటూ మొదలుపెట్టాను. ఇప్పటిదాకా నా బాణీల్లో డప్పు అంటే ఇంటర్నెట్‌లో దొరికిన శాంపిల్ ముక్కలే. ఈ చర్చ చదివాక వాటిని వాడాలనిపించడం లేదు. మా ఊళ్లో డప్పు బృందం ఉంది. వాళ్లతో నిజంగా రికార్డు చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి? ఎంత ఇవ్వాలి? వాళ్లను ఎలా అడగాలి? నా దగ్గర ఒక మైకు, ఒక చిన్న ఇంటర్‌ఫేస్ ఉన్నాయి.

సౌండ్‌బాక్స్

తమ్ముడూ, స్టూడియో గదిలోకి తీసుకురావద్దు. డప్పు ఆరుబయట వాద్యం, చిన్న గదిలో చెవులు చిల్లులు పడే శబ్దం తప్ప ఇంకేమీ దొరకదు. ఊరి బయట ఖాళీ చోటు చూసుకో, గోడలు దూరంగా ఉండాలి. గాలి తక్కువ ఉండే పొద్దుటి వేళ మంచిది. మైకు కనీసం ఆరేడు అడుగుల దూరంలో, మనిషి ఛాతీ ఎత్తులో పెట్టు. రికార్డింగ్ స్థాయి బాగా తగ్గించుకో, లావు పుల్ల సిర్ర దెబ్బ నువ్వు అనుకున్నదానికంటే చాలా పెద్దది. సిటికెన పుల్ల చప్పుడు పల్చగా, పదునుగా ఉంటుంది, మైకు మరీ దూరమైతే అది పోతుంది. రెంటికీ నడుమ సరైన చోటు వినుకుంటూ వెతకాలి.

వాళ్లు మంట వేసి డప్పు కాచుకుంటారు. తోలు వేడెక్కి బిగిస్తేనే ఆ కంచు గొంతు వస్తుంది, చల్లారితే స్థాయి దిగిపోతుంది. కాబట్టి వాళ్లు కాచుకుని లేచిన వెంటనే రికార్డు చేయి, ఆలస్యం చేయకు. అన్నిటికన్నా ముఖ్యం, హెడ్‌ఫోన్లు పెట్టి యంత్రం టిక్కు టిక్కు మీద వాయించమని అడగవద్దు. వాళ్ల వేగంలో వాళ్లను వాయించనివ్వు. నీ బాణీని తర్వాత దాని చుట్టూ కట్టుకో. 808 వాళ్ల వెనక నడవాలి.

ఎర్రమన్ను

తమ్ముడూ, నువ్వు అడిగినందుకు సంతోషంగా ఉంది. నేను చెప్పేది జాగ్రత్తగా విను.

ముందు ఫోను చేసి బేరం ఆడవద్దు. వాళ్లు వాయించే ఒక పెళ్లికో జాతరకో వెళ్లి చివరిదాకా నిలబడి విను. ఏ సందర్భానికి ఏ దరువో తెలుసుకో. చావు దరువును గంతులు వేసే పాటలో పెట్టి ఆ ఇళ్లవాళ్లను బాధపెట్టకు. తర్వాత వాళ్లింటికి వెళ్లు. వాళ్లిచ్చిన టీ తాగు. పెద్దాయనను పెదనాన్నా అని పిలువు, నీ పాట ఏమిటో, దేని గురించో చెప్పు. ఆయన వద్దంటే అక్కడితో వదిలెయ్యి.

ఎంత ఇవ్వాలి అని అడిగావు. వాళ్లు ఒక పెళ్లికి ఎంత తీసుకుంటారో అంతకు తగ్గకూడదు, రికార్డు చేసినది ఎంతసేపైనా సరే. అది ఆ రోజు పని డబ్బు, వాయించేముందే ఇవ్వు. దాంతో వాటా తీరిపోదు. పాట ఎక్కడ పెట్టినా వివరాల్లో వాయించిన ప్రతి ఒక్కరి పేరు, ఊరి పేరు రాయి, 'డప్పు బృందం' అని ఒక్క మాటతో ముగించకు. డబ్బు వస్తే ఎంత శాతం వాళ్లకో ముందే కాగితం మీద రాసుకోండి, తెలుగులో, వాళ్లకు చదివి వినిపించి. వేదిక మీద పాడే అవకాశం వస్తే వాళ్లను నీ వెనక కాదు, నీ పక్కన నిలబెట్టు.

ఇంకొకటి. వాళ్ల పిల్లల్లో నీ వయసు వాడు ఎవరైనా తప్పకుండా ఉంటాడు. డప్పు పట్టుకోవడానికి సిగ్గుపడుతూ ఉంటాడు, ఫోనులో ర్యాప్ వింటూ ఉంటాడు. వాడితో మాట్లాడు. మైకు వాడికీ ఇవ్వు.

కొత్తగొంతు

అర్థమైంది అన్నా. వచ్చే వారం మా పక్క ఊళ్లో బీరప్ప పండుగ ఉంది, వాళ్లు వస్తారు. మైకు ఇంట్లోనే ఉంచి వెళతాను. పదకవిత గారూ, ద్విపద నేర్చుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాలి?

పదకవిత

సోమన ద్విపదలో రాసిన బసవపురాణంతో మొదలుపెట్టు నాయనా. కళ్లతో చదవకు, పైకి చదువు, చేత్తో తాళం వేస్తూ. మొదటి పది పాదాలు నోటికి వచ్చాక ఇక్కడికి రా, గణాలు విడదీయడం నేను చూపిస్తాను.